ముదైనా పుస్తకం, సభ: జమా ఖర్చుల వివరణ

దాతలకు, మిత్రులకు నమస్కారం.

ఆఫ్రికాలోని చాద్ దేశపు మాజీ పాలకుడు హిస్సెన్ హబ్రే మీద బాధితుల తరఫున కేసు నడిపిన అక్కడి న్యాయవాది జాక్లిన్ ముదైనా మీద తెలుగులో చిన్న పుస్తకం వేయడానికి, ఆ సందర్భంగా హనుమకొండలో ఒకరోజు సభ జరపడానికి మీ దగ్గర చందాలు వసూలు చేశాం. రెండూ పూర్తయ్యాయి. లెక్క మీ ముందు పెడుతున్నాం.

జమ: పాత నిల్వ రూ. 6,340. రసీదుల మీద వచ్చిన విరాళాలు రూ. 68,450. సభలో జోలె పడితే వచ్చింది రూ. 11,215. పుస్తకాల అమ్మకం (రూ. 40 చొప్పున 318 ప్రతులు) రూ. 12,720. మొత్తం రూ. 98,725.

ఖర్చు: వెయ్యి ప్రతుల ముద్రణ రూ. 38,500. డీటీపీ, ముఖచిత్రం రూ. 7,200. హాలు, మైకు రూ. 9,000. భోజనాలు, టీ రూ. 15,760. వక్తల ప్రయాణం రూ. 6,480. కరపత్రాలు, ఫ్లెక్సీ రూ. 5,350. పోస్టు, ఆటో రూ. 3,115. మొత్తం రూ. 85,405. నిల్వ రూ. 13,320.

అనువాదం చేసినవారు, ప్రూఫులు దిద్దినవారు పైసా తీసుకోలేదు. భోజనాల ఖర్చు ఎక్కువైందని ఒకరిద్దరు అన్నారు. ములుగు, భూపాలపల్లి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లను అన్నం పెట్టకుండా పంపలేం. ఒక దాత తన పేరు రసీదులో రాయొద్దంటూ పెద్ద మొత్తం ఇవ్వబోయారు. పేరు లేని డబ్బు తీసుకోకూడదని మొదటి సమావేశంలోనే అనుకున్నాం కాబట్టి తీసుకోలేదు.

ఈ డబ్బు చాద్ బాధితులకే పంపొచ్చు కదా అని కొందరు అడిగారు. పుస్తకానికని అడిగి తెచ్చిన డబ్బు పుస్తకానికే పోవాలి. పైగా వాళ్లకు రావలసింది చందా కాదు, కోర్టు తీర్పు ప్రకారం దక్కవలసిన పరిహారం.

1982 నుంచి 1990 దాకా చాద్‌ను ఏలిన హిస్సెన్ హబ్రే హయాంలో సుమారు 40,000 మంది చనిపోయి ఉంటారని ఆ దేశ విచారణ సంఘం 1992లో అంచనా వేసింది. రాజధాని ఎన్‌జమేనాలో పాత ఈతకొలను మీద కాంక్రీటు కప్పు వేసి, అడుగున జైలు కొట్లు కట్టి మనుషుల్ని కుక్కారు. హబ్రే సెనెగల్‌కు పారిపోయి డకార్‌లో నిశ్చింతగా బతికాడు. 2000లో ముదైనా, ఆమె సహచరులు బాధితుల చేత అక్కడి కోర్టులోనే ఫిర్యాదు చేయించారు. మరుసటి ఏడాది ఎన్‌జమేనాలో ఆడవాళ్ల నిరసన మీద పోలీసులు గ్రెనేడ్ విసిరారు. ఆమె కాలు ఛిద్రమైంది. ఆ గ్రెనేడ్ ముక్కలు ఒంట్లో ఉండగానే కేసు నడిపింది. 2012లో అంతర్జాతీయ న్యాయస్థానం సెనెగల్‌కు చెప్పింది: విచారించు, లేదా అప్పగించు. ఆఫ్రికన్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు డకార్‌లో ప్రత్యేక కోర్టు ఏర్పడింది. 2016 మే 30న హబ్రేకు యావజ్జీవం పడింది. ఒక ఆఫ్రికా దేశపు మాజీ పాలకుణ్ణి మరో ఆఫ్రికా దేశపు కోర్టు మానవత్వంపై నేరాలకు శిక్షించడం అదే మొదలు.

2017 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 7,396 మంది బాధితులకు సుమారు 8,200 కోట్ల సీఎఫ్‌ఏ ఫ్రాంకులు (చాద్‌లో చెల్లే డబ్బు) ఇవ్వాలంది. అంతకు రెండేళ్ల ముందే హబ్రే రహస్య పోలీసులను శిక్షించిన ఎన్‌జమేనా కోర్టు మరో 7,500 కోట్లు ఇవ్వాలంది, అందులో సగం చాద్ ప్రభుత్వమే భరించాలని కూడా చెప్పింది. 2021లో హబ్రే కోవిడ్‌తో చనిపోయాడు. బాధితుల చేతికి ప్రభుత్వ సొమ్ము అందడం మొదలైంది 2024లో, అదీ 1,000 కోట్లు. రెండు తీర్పులూ కలిపి చూస్తే పదో వంతు లేదు. ఎదురుచూస్తూనే ఎంతోమంది పోయారు. పుస్తకంలో చివరి అధ్యాయం మొత్తం ఈ బకాయి మీదే ఉంది. శిక్ష పడిన రోజు అందరూ రాశారు. బకాయి గురించి రాసేవాళ్లు తక్కువ, అందుకే అన్ని పేజీలు ఇచ్చాం.

మిగిలిన ప్రతుల్లో 200 గ్రంథాలయాలకు, లా కాలేజీలకు ఉచితంగా పంపాలని తీర్మానించాం. పోస్టు ఖర్చు నిల్వలోంచే పెడతాం. రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు, బిల్లులు, బ్యాంకు పాస్‌బుక్కు కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఏ దాత అయినా చూడవచ్చు. మీ రసీదు మొత్తానికీ మా లెక్కకూ తేడా ఉంటే ఈ నెలాఖరులోగా చెప్పండి, సరిచేసి మళ్లీ ప్రకటిస్తాం.

కమిటీ తరఫున,
కోశాధికారి