ఐదు నెక్‌ల గిటార్ సరే, పక్కనే ఉన్న పన్నెండు తీగల బేస్ సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

పోయిన ఆదివారం అనుబంధంలో రాక్ బ్యాండ్ల మీద మీరు వేసిన క్విజ్ చూసి చాలా సంతోషపడ్డాను, ఇలాంటివి పేపర్లో రావడమే తక్కువ కాబట్టి కత్తిరించి దాచుకున్నా కూడా. కానీ అమెరికా రాక్ బ్యాండ్ చీప్ ట్రిక్ మీద ప్రశ్న దగ్గరకొచ్చేసరికి మనసు చివుక్కుమంది. ఐదు నెక్‌ల గిటార్ (నెక్ అంటే తీగల్ని వేళ్లతో నొక్కే పొడుగాటి కాడ) వాయించేది ఎవరు అని అడిగారు, జవాబు ఆ బ్యాండ్ గిటారిస్ట్ రిక్ నీల్సన్, కరెక్టే. దాని కింద వివరణలో మాత్రం అది స్టేజి మీద ఆర్భాటానికి చేయించుకున్న బొమ్మ, అంతకుమించి ఏం లేదన్నట్టు ఒక్క లైన్లో తేల్చేశారు. అది నాకు మింగుడుపడలేదండి, నేను బేస్, అంటే మంద్రంగా పలికే గిటార్, వాయిస్తాను, ఈ బ్యాండ్ అంటే ప్రాణం, అందుకే రాస్తున్నా.

ఆర్భాటం లేదని నేనూ అనను. తన సొంత ఆకారంలోనే గిటార్ చేయించుకుని, దాని రెండు కాళ్లనీ రెండు నెక్‌లుగా పెట్టించుకున్న మనిషి నీల్సన్. అంతకుముందు గిటార్ల మీద గిటార్లు మెడలో వేసుకుని ఒక్కోటీ వాయించి తీసేస్తూ సోలో చేసేవాడు, అవన్నీ ఒకే దాంట్లో ఉంటే ఎలా ఉంటుందనే ఆలోచన అక్కడి నుంచి వచ్చిందే. ముందు అనుకున్నది ఆరు నెక్‌లు, అదీ రౌలెట్ చక్రంలా గిర్రున తిరిగేట్టు, చివరికి ఐదు దగ్గర ఆగింది. 1981లో హేమర్ అనే గిటార్ల కంపెనీ వాళ్లు చేసిచ్చారు. పైన ఉన్నది 12 తీగల నెక్, మధ్యలో మూడూ ఆరేసి తీగలవి, అన్నిటికంటే కింద ఉన్నది ఫ్రెట్‌లెస్, అంటే మెట్లే ఉండవు, స్వరం మీద నుంచి స్వరం మీదకి జారుతూ పోవచ్చు. 12 తీగల నెక్ మోగే తీరు వేరు, ఫ్రెట్‌లెస్ పలికే తీరు వేరు, ఐదూ ఒకేలా ఉండుంటే మీరన్నది ఒప్పుకునేవాణ్ణి.

అసలు రెండు నెక్‌ల గిటార్ పుట్టిందే అవసరం కోసం. లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ గిటారిస్ట్ జిమ్మీ పేజ్ చేతిలో అందరూ చూసిన రెండు నెక్‌ల గిటార్ గిబ్సన్ ఈడీఎస్-1275 తీసుకోండి, 'స్టెయిర్‌వే టు హెవెన్' స్టూడియోలో రికార్డ్ చేసినప్పుడు ఆయన అది వాడలేదు, 12 తీగలది వేరే గిటార్, సోలోకి టెలికాస్టర్ అనే ఇంకో గిటార్. తీరా 1971లో స్టేజి మీద వాయించాల్సొచ్చింది, పాట మధ్యలో ఒక గిటార్ తీసి ఇంకోటి తగిలించుకునే టైమ్ ఎక్కడుంది, అందుకని పైన 12 తీగలు కింద 6 తీగలు ఉన్న ఈ గిటార్ పట్టుకున్నాడు. ఒక స్విచ్ తిప్పితే చాలు ఆ నెక్ నుంచి ఈ నెక్‌కి మారిపోవచ్చు. ఫొటోలో చూసినవాళ్లకి అది స్టైల్, వాయించేవాడికి అది అవసరం.

ఇప్పుడు నా అసలు బాధకి వస్తా. ఐదు నెక్‌ల గిటార్ గురించి అడగని రాక్ క్విజ్ ఉండదు, అదే స్టేజి మీద నీల్సన్‌కి పక్కనే నిలబడే టామ్ పీటర్సన్ చేతిలో ఏముందో ఒక్కరూ అడగరు. ఆయన వాయించేది 12 తీగల బేస్. మామూలు బేస్‌కి నాలుగే తీగలు కదా, ఇందులో ఆ నాలుగింటిలో ప్రతి దానికీ పక్కనే రెండేసి సన్న తీగలు ఒక ఆక్టేవ్ (అంటే ఒక స్థాయి) పైన శ్రుతి చేసి ఉంటాయి, వేలు పెట్టామంటే మూడూ కలిపి నొక్కాలి, మూడూ కలిసి మోగాలి. కింద బేస్ గంభీరంగా ఉంటుంది, పైన గిటారో పియానోనో గలగలలాడుతున్నట్టు ఉంటుంది, ఒక్క మనిషి వాయిస్తుంటే ఇద్దరు వాయిస్తున్నట్టే అనిపిస్తుంది. నలుగురే ఉన్న బ్యాండ్ అంత నిండుగా ఎలా వినిపిస్తోందని నేను ఏళ్ల తరబడి అనుకునేవాణ్ణి, బేస్ ఒక్కదాన్నే పట్టుకుని విన్నాక అర్థమైంది.

పీటర్సన్ ఇలాంటిది కావాలని అడిగినప్పుడు హేమర్ వాళ్లే భయపడ్డారు, ఎందుకంటే అన్ని తీగల లాగుడు నెక్ తట్టుకోవాలి, తట్టుకోకపోతే వంగిపోతుంది. అందుకే ముందు 10 తీగలతో ఒకటి చేసి చూసి, అది నిలబడ్డాక 12కి వెళ్లారు. ఇదంతా 1970ల చివర్లో, అంటే ఐదు నెక్‌ల గిటార్ కంటే ముందే. తర్వాత ఈ బేస్ వేరేవాళ్ల చేతుల్లోకీ వెళ్లింది, కింగ్స్ ఎక్స్ బ్యాండ్ డగ్ పినిక్ వాయించాడు, పర్ల్ జామ్ బ్యాండ్ జెఫ్ ఏమెంట్ 1991 ఆల్బమ్‌లో 'జెరెమీ' పాటకి వాడింది 12 తీగల బేసే. ఆ పాట మొదట్లో వినిపించే గలగల చాలామంది గిటార్ అనుకుంటారు, కాదు, బేస్. కొత్త వాయిద్యం అంటే ఇది కదండీ, ఇంకొకడు తీసుకుని ఇంకో సంగీతానికి వాడుకోగలిగింది.

ఇంకో మాట, చేసినవాళ్ల పేరు కూడా వేయండి దయచేసి. పాట్ మెథీనీ రాక్ కాదు జాజ్ అని నాకూ తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను, ఆయన 42 తీగల పికాసో గిటార్ ఫొటో ఎక్కడ వేసినా కెనడాలో దాన్ని చేసిన లిండా మాంజర్ పేరు అరుదుగా కనిపిస్తుంది. ఎన్ని తీగలు వీలైతే అన్ని పెట్టి చేసివ్వమని ఆయన అడిగితే ఆమె 1984లో పూర్తిచేసింది. అంత పెద్ద వాయిద్యం ఒళ్లో పెట్టుకుంటే తీగలు వాయించేవాడికి కనపడాలి కదా, అందుకని గిటార్ డొక్కని ఆయన వైపు సన్నగా అవతలి వైపు మందంగా చేసింది, దాంతో గిటార్ ముఖం కొంచెం ఆయన వైపు వాలుతుంది. ఎంత తెలివండీ అది! ఆ పద్ధతి తర్వాత మామూలు గిటార్లకీ వచ్చింది, ఎక్కువసేపు వాయించేవాళ్ల భుజానికి సుఖంగా ఉంటుందని.

స్థలం తక్కువని తెలుసు, అయినా వచ్చే ఆదివారం క్విజ్‌లో పీటర్సన్ బేస్ మీద ఒక్క ప్రశ్న వేయండి, ఫొటోతో వేస్తే మరీ మంచిది, తీగలు బిగించే మరలు కనపడేట్టు నెక్ చివరి దాకా ఉన్న ఫొటో వేయండి, లేకపోతే మామూలు బేస్ అనుకుని పేజీ తిప్పేస్తారు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు