నెల తప్పని నొప్పి

వరం,

నీ వాయిస్ మెసేజ్ విన్నానే. గర్భసంచే తీసేశాక ఇంకా నెలనెలా ఈ రొమ్ముల సలుపేంటి, లోపల ఏదో పెరుగుతోందేమో అని గొంతు తగ్గించి చెబుతున్నావంటే, పక్క గదిలో మీ అత్తగారు ఉండి ఉంటారు. ఫోన్లో చెబితే సగం ఆవిడ వింటారు, మిగతా సగం నువ్వు మర్చిపోతావు. అందుకే రాస్తున్నా. బాలింత, పసిబిడ్డ ఉన్న ఇంట్లో నీకు తీరిక ఎక్కడుంటుంది గానీ, వాడు పడుకున్నాక చదువుకో.

అసలు మాట ముందే చెప్పేస్తా. రొమ్ముల్ని ఆడించేది గర్భసంచి కాదు, ఓవరీలు, అంటే అండాశయాలు. నీకు గర్భసంచి ఒక్కటే తీశారని, ఓవరీలు ఉంచేశారని అప్పట్లో నువ్వే చెప్పిన గుర్తు. అవి పనిచేసినన్నాళ్లూ నెల తిరిగేసరికి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లు పెరుగుతాయి, పడిపోతాయి. దాన్నిబట్టే రొమ్ములు బరువెక్కుతాయి, తేలికపడతాయి. ఇదివరకైతే "డేట్ దగ్గరపడింది, అందుకే" అని సరిపెట్టుకునేదానివి. ఇప్పుడు డేట్ కనపడదు, నొప్పి మాత్రం నెల తప్పకుండా వస్తుంది. దాంతో ఎక్కడలేని అనుమానాలూను.

ఈ ప్రశ్న నీ ఒక్కదానిదే కాదు. మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే) తీసే ముందు ఫారం నింపుతూ "చివరి డేట్ ఎప్పుడమ్మా?" అని అడుగుతానా, "ఇంకెక్కడి డేటు, గర్భసంచి తీసేశారుగా" అంటారు. నిండా నలభై ఏళ్లు ఉండవు కొందరికి. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందుంటాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లోనే ఉంది. సరే, అయిందేదో అయింది, ఓవరీలు ఉన్నాయా అని అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. తన కడుపులో ఏముందో, ఏం తీసేశారో ఆ మనిషికి చెప్పిన నాథుడే ఉండడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

నీ పాత ఫైలు తీసి డిశ్చార్జి కాగితం చూడు. ఆపరేషన్ పేరు దగ్గర టి.ఏ.హెచ్. అని మాత్రమే ఉంటే గర్భసంచి ఒక్కటే తీశారని. దాని పక్కన బి.ఎస్.ఓ. అని కూడా ఉంటే రెండు ఓవరీలూ, ట్యూబులూ తీసేశారని. అప్పుడు నేను రాసిన ఈ లెక్కంతా మారిపోతుంది, వెంటనే చెప్పు.

లోపల జరిగేది ఇదీ. రొమ్ములో పదిహేను ఇరవై పాలగ్రంథుల తమ్మెలు ఉంటాయి. ఒక్కోదాని నుంచి ఒక్కో గొట్టం చనుమొన దాకా వస్తుంది. గొట్టాల కొసన ద్రాక్షగుత్తుల్లా చిన్న చిన్న తిత్తులు. మధ్యలో అంతా కొవ్వు, నార. గొట్టాలు పొడవు సాగడం, కొమ్మలు వేయడం ఈస్ట్రోజన్ చేయించే పని. ఆ కొసల్లో తిత్తులు పెరగడానికి ప్రొజెస్టిరాన్ కావాలి. నాకు మొదట్లో వింతగా అనిపించింది ఒకటుంది. గర్భసంచి లోపలి పొరని పెంచేది ఈస్ట్రోజన్, ఆ పెరుగుదలకి అడ్డుకట్ట వేసేది ప్రొజెస్టిరాన్. రొమ్ములో అలా కాదు. ప్రొజెస్టిరాన్ ఎక్కువగా ఉండే, డేట్‌కి ముందు ఆఖరి రెండు వారాల్లోనే కణాలు ఎక్కువగా పెరుగుతాయి, నీరు పడుతుంది, చేత్తో నొక్కితే గరుకుగా, గింజలు గింజలుగా తగులుతుంది. గర్భం రాలేదని తేలాక హార్మోన్లు పడిపోతాయి, పెరిగినవాటిలో కొన్ని కణాలు చచ్చిపోతాయి, నీరు లాగేస్తుంది, బరువు దిగిపోతుంది. పాలగ్రంథులు ఎక్కువగా ఉండేది చంకవైపు పైభాగంలో. నీకు సలుపు చంకలోకి పాకుతోందన్నది అందుకే.

ఈస్ట్రోజన్ అనే పేరే లేని రోజుల్లో ఈ ఓవరీల సంగతి పట్టుకున్నవాడు గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్. దూడ పుట్టాక ఆవుకి ఓవరీలు తీసేస్తే పాలు ఆగకుండా ఇస్తూనే ఉంటుందని పశువులు పెంచేవాళ్ల నుంచి ఆయన చెవిన పడింది. ఎక్కడి ఓవరీలు, ఎక్కడి పొదుగు, మధ్యలో ఏదో సంబంధం ఉండాలి కదా అనుకున్నాడు. రొమ్ము క్యాన్సర్ ముదిరిపోయి చేయగలిగిందేమీ లేని ఆడవాళ్లకి ఓవరీలు తీసి చూస్తే గడ్డలు కరిగాయని 1896లో ప్రకటించాడు. అందరికీ కరగలేదనుకో. ఈస్ట్రోజన్ రకాల్లో ఒకటైన ఈస్ట్రోన్‌ని విడదీసి చూపింది 1929లో, అమెరికాలో డోయిజీ, జర్మనీలో బ్యూటెనాంట్. అంటే హార్మోన్ దొరక్కముందే దాన్ని ఆపితే ఏమవుతుందో గొడ్లకాడి జ్ఞానంతో తెలిసిపోయిందన్నమాట.

మీ ఇంట్లో ఇప్పుడు ఇంకో ఇద్దరున్నారు కదా, వాళ్ల సంగతి కూడా రాస్తా. మూడోరోజు దాకా అమ్మాయికి పాలు పడలేదని నువ్వు పెట్టిన శోకాలు నాకు గుర్తున్నాయి. కడుపుతో ఉన్నన్నాళ్లూ పాలగ్రంథులు సిద్ధమవుతూనే ఉంటాయి, పాలు తయారుచేయించే హార్మోన్ ప్రొలాక్టిన్ కూడా దండిగా ఉంటుంది. అయినా పాలు దిగవు, ఎందుకంటే మాయ నుంచి వచ్చే ప్రొజెస్టిరాన్ పట్టి ఆపుతుంది. మాయ బయట పడ్డాక గానీ ఆ పట్టు సడలదు. రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు పాలు నిండుగా పడటం మామూలే, ఈలోపు ముర్రుపాలు చాలు. బిడ్డ ఏడిస్తే చాలు, నోట్లో పెట్టకుండానే చేపు రావడం ఆక్సిటోసిన్ అనే ఇంకో హార్మోన్ పని. ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువ. అందుకని, రాత్రి పాలు మాన్పించి డబ్బా పట్టమని మీ ఆడపడుచు ఇచ్చిన సలహా చెవిన పెట్టొద్దు.

పాలు ఆగడానికి రొమ్ముల మీద మల్లెపూలు కట్టేవారు చూడు మన పెద్దవాళ్లు, అది ఉత్త నమ్మకమని కొట్టిపారేసేదాన్ని కాదు గానీ పెద్దగా పట్టించుకోలేదు. వెల్లూరు సి.ఎం.సి. ఆసుపత్రి డాక్టర్లు దాన్నే, పాలు ఆపడానికి ఇచ్చే బ్రోమోక్రిప్టిన్ మాత్రతో పోల్చి చూసి 1988లో అచ్చు వేశారు. పూలు కట్టినవాళ్లలోనూ ప్రొలాక్టిన్ తగ్గింది, మాత్రతో తగ్గినంత కాదు. పాలు ఆగడంలో మాత్రం రెండూ ఇంచుమించు ఒకలాగే పనిచేశాయట.

ఇక మనవడు. స్నానం చేయించే ఆవిడ వాడి రొమ్ములు పిండుతోందని, "పాలు తీసేయకపోతే గడ్డకడతాయి" అంటోందని చెప్పావు. ముందు ఆ పని ఆపించు! తల్లి హార్మోన్లు వాడి ఒంట్లో ఇంకా మిగిలి ఉండబట్టే ఆ వాపు. మగపిల్లలకీ, ఆడపిల్లలకీ వస్తుంది, ఒక్కోసారి పాలచుక్క కూడా కనిపిస్తుంది, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. పిండితేనే చీము పట్టేది. ఆవిడకి చెప్పలేకపోతే డాక్టరు వద్దన్నాడని నా పేరు మీద అబద్ధం ఆడెయ్.

మళ్లీ నీ దగ్గరికి వస్తా. పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకోందే నీకు తెల్లారదు కదా. ఆ అట్ట తిప్పి చూడు. పాంటాప్రజోల్ పక్కన డోంపెరిడోన్ అని ఉంటే అది ప్రొలాక్టిన్‌ని పెంచే మందు, రొమ్ములు సలపడానికి, ఒక్కోసారి పాలలాంటి స్రావానికి అదీ కారణం కావచ్చు. ఆ మాట మీ డాక్టరుతో చెప్పు. థైరాయిడ్ బాగా తక్కువగా ఉన్నా ప్రొలాక్టిన్ పెరుగుతుంది, అది కూడా ఒకసారి పరీక్ష చేయించుకో.

మందుల షాపువాడు ఇచ్చే ప్రింరోజ్ ఆయిల్ క్యాప్సూల్స్ కొనకు. మందే లేని ఉత్తుత్తి మాత్ర కంటే అవి గొప్పగా పనిచేస్తాయనడానికి గట్టి రుజువు లేదు, ధర మాత్రం గొప్పదే. సరైన కొలత బ్రా వేసుకో (నీ పాత బ్రాలు నాకు తెలుసు), నొప్పి ఎక్కువైన రోజుల్లో డైక్లోఫెనాక్ జెల్ పైపూతగా రాసుకో. అప్పటికీ తట్టుకోలేకపోతే ఆర్మెలాక్సిఫీన్ అని ఒక మాత్ర డాక్టర్లు రాస్తారు. అది లక్నోలో మందుల పరిశోధన చేసే సర్కారు సంస్థ సి.డి.ఆర్.ఐ.లో పుట్టిన మన దేశపు మందు. 1991లో సహేలీ పేరుతో గర్భనిరోధక మాత్రగా వచ్చింది, సర్కారు ఆసుపత్రుల్లో ఛాయ పేరుతో ఇస్తారు. రొమ్ములో ఈస్ట్రోజన్ పట్టుకునే చోట్ల తాను వెళ్లి కూర్చుంటుంది, దాంతో ఈస్ట్రోజన్‌కి చోటు దొరకదు. క్యాన్సర్‌కి వాడే టామాక్సిఫెన్‌దీ అదే దారి. అదీ మొదట ఇంగ్లండులో గర్భనిరోధకం అవుతుందని తయారుచేసిందే, ఆ పనికి మాత్రం పనికిరాలేదు. ఈ మాత్రలేవీ సొంతంగా కొని మింగొద్దు, ఓవరీల్లో నీటితిత్తులు వచ్చే అవకాశం ఉంటుంది.

మరి క్యాన్సర్ కాదని ఎలా నమ్మడం అంటావు. రెండు వైపులా వస్తూ, కొన్నాళ్లుండి తగ్గిపోయే బరువు సాధారణంగా దానికి గుర్తు కాదు. ఒకేచోట గట్టిగా తగిలే గడ్డ, లోపలికి లాగినట్టు చర్మం, కొత్తగా ముడుచుకున్న చనుమొన, రక్తం కలిసిన స్రావం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మాత్రం నొప్పి ఉందా లేదా అని చూడకుండా ఆ రోజే బయలుదేరు. లేదంటే ఈ పని చెయ్. గోడమీది తిథుల క్యాలెండర్లో నొప్పి ఉన్న రోజుల దగ్గర చిన్న గీత పెట్టు. రెండు నెలలు పెడితే నీ కనపడని డేట్ ఎప్పుడో తేలిపోతుంది. నొప్పి దిగిన వారంలో మామోగ్రామ్‌కి రా. ప్లేట్ల మధ్య నొక్కినప్పుడు ఆ వారం బాధ తక్కువగా ఉంటుంది. ఫిల్ములో కొవ్వు నల్లగా, పాలగ్రంథులు తెల్లగా పడతాయి. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది, అందుకే మన వయసువాళ్లకి అల్ట్రాసౌండ్ కూడా కలిపి చేస్తారు. మీ అత్తగారి వయసు వాళ్లకి గ్రంథులు పోయి కొవ్వు మిగులుతుంది, ఫిల్మంతా నల్లగా ఉండి చిన్న మచ్చ కూడా దొరికిపోతుంది. ఆవిడని కూడా తీసుకురా. "ఈ వయసులో నాకెందుకే" అంటుంది, అనని. ముట్లుడిగాక ఓవరీలు ఊరుకున్నా ఒంట్లో కొవ్వు కొంత ఈస్ట్రోజన్ తయారుచేస్తూనే ఉంటుంది, వయసుతో పాటు రిస్కూ పెరుగుతుంది.

ఇంకొకటి. గర్భసంచి తీసినవాళ్లకి ఓవరీలు ఉంచినా కొంచెం ముందే అలిసిపోతుంటాయి. వేడి ఆవిర్లు మొదలైతే భయపడకు. వాటికిచ్చే హార్మోన్ మాత్రలు అనగానే క్యాన్సర్ అని ఎవరో ఒకరు బెదిరిస్తారు. 2002లో అమెరికాలో పెద్ద అధ్యయనం మధ్యలో ఆపేసింది ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ తరహా మందు కలిపి ఇచ్చిన భాగాన్ని, రొమ్ము క్యాన్సర్లు పెరిగాయి గనక. గర్భసంచి లేనివాళ్లకి ఇచ్చిన ఒట్టి ఈస్ట్రోజన్‌తో అలా పెరగలేదు. నీది రెండో లెక్క. ఆ మాటే డాక్టర్ని అడుగు.

ఫైల్లో ఆ పేజీ, గ్యాస్ మాత్ర అట్ట వెనక భాగం, రెండూ ఫోటో తీసి పంపు. ఆదివారం తప్ప ఏ రోజైనా రా, పదకొండు లోపైతే రద్దీ ఉండదు. ఆ రోజు పౌడరు, చంకల్లో స్ప్రే వాడొద్దు, ఫిల్ములో చుక్కలు పడి మళ్లీ తీయాల్సి వస్తుంది.

నీ
శారద