పై గదికి నెట్ వచ్చింది, అమ్మలూ

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

చి. అమ్మలుకు నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం రోజూ ఫోన్లో వింటూనే ఉన్నాను. అయినా ఈ సంగతి తీరిగ్గా చెప్పాలనిపించి కాగితం తీశాను.

మూడు వారాల కిందట శనివారం రాత్రి నువ్వూ తమ్ముడూ ఫోన్లో ఆ తుపాకుల ఆట, బీజీఎంఐ, ఆడుతున్నారు. నేను పాలగ్లాసు పట్టుకుని పైకి వెళ్ళాను. నువ్వు ఫోన్లోంచి "ఒరేయ్, కదలరా, కదులు" అని అరుస్తున్నావు. వాడి బొమ్మ మాత్రం తెరమీద గోడకేసి అలాగే నడుస్తోంది. రెండు క్షణాలకు తెర మళ్ళీ కదిలేసరికి వాడి ఆట అయిపోయింది. ఫోను మంచం మీద పడేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పాలు కూడా తాగలేదు.

మీ అమ్మ ఆ రాత్రి ఒక మాట అంది. నువ్వు బెంగళూరు వెళ్ళాక వాడు మాతో మాట్లాడేది తక్కువైంది. కాలేజీ సంగతులు, స్నేహితుల గొడవలు, పరీక్షల టెన్షన్ అన్నీ నీకే చెప్తున్నాడు, అదీ ఆ ఆట మధ్యలోనే. వారంలో ఆ రెండు గంటలూ వాడికి అక్క దగ్గర కూర్చున్నట్టే. అవి కూడా తెగి తెగి వస్తే ఎలా? మర్నాడు పొద్దున్నే నేను ఈ పని పట్టుకున్నాను.

మొదట అందరిలాగే నేనూ ప్లాను మార్చుదామనుకున్నాను. వంద ఎంబీపీఎస్ చాలక ఇలా అవుతోందేమో, రెండు వందలు తీసుకుందామని. ఫోన్ చేస్తే కంపెనీ అబ్బాయి కూడా అదే అన్నాడు. మంచిదే, డబ్బు కట్టలేదు. ఆటకు కావలసిన డేటా చాలా కొంచెమట, ఒక ఎంబీపీఎస్ కూడా పట్టదట. దానికి కావలసింది ఎంత లావు పైపు అన్నది కాదు, పంపిన మాటకు జవాబు ఎంత త్వరగా, ప్రతిసారీ ఒకేలా తిరిగి వస్తుందన్నది. మీరు పింగ్ అంటారే, అది. ఫైబర్ అనే గాజు తీగలో వెలుతురు ఒక మిల్లీసెకనులో దాదాపు 200 కిలోమీటర్లు పోతుంది. మనకూ ముంబైకీ మధ్య దూరం సూటిగా కొలిస్తే 900 కిలోమీటర్ల దగ్గర. అంటే ఆట సర్వర్ ముంబైలో ఉందనుకున్నా పోయి రావడానికి తీగలో పట్టేది పది మిల్లీసెకన్లే. దారిలో మలుపులు, మెషీన్లు అన్నీ కలిపి ముప్ఫయ్యో నలభయ్యో అవ్వాలి. మరి వాడి తెర మూలన ఎర్రగా మూడు వందలు ఎందుకు కనబడుతోంది?

టెలిఫోన్ డిపార్ట్‌మెంటులో 31 ఏళ్ళు లైను మీద తిరిగినవాణ్ణి. ఫాల్ట్ వస్తే మేం చేసే మొదటి పని లైనును మధ్యలో విరిచి చూడడం. ఎక్స్ఛేంజిలో లైన్లన్నీ మొదలయ్యే ఎమ్‌డీఎఫ్ దగ్గర ఒకసారి, వీధిలోని పిల్లర్ పెట్టె దగ్గర ఒకసారి, ఇళ్ళ దగ్గరి డీపీ పెట్టె దగ్గర ఒకసారి టెస్ట్ ఫోన్ పెట్టి వింటాం. ఎక్కడిదాకా బాగుందో తెలిస్తే ఫాల్ట్ ఎటువైపుందో తెలిసిపోతుంది. ఇక్కడా అదే చేశాను. తమ్ముడి చేత వాడి ల్యాప్‌టాప్‌లో మన రౌటర్‌నే పింగ్ చేయించాను, దాని అడ్రస్ 192.168.1.1. హాల్లో రౌటర్ పక్కన తీగ పెట్టి చూస్తే ప్రతిసారీ ఒక మిల్లీసెకనే. అదే ల్యాప్‌టాప్ పై గదిలో వైఫై మీద పెడితే 6, 9, 240, 12, 380, ఒక్కోసారి అసలు జవాబే లేదు. ముంబై దాకా పోనక్కరలేదమ్మా, ఫాల్ట్ మన ఇంట్లోనే ఉంది.

అప్పుడు మన ఇంటిని కొత్తగా చూశాను. ఫైబర్ తీగ వీధివైపు కిటికీలోంచి వచ్చింది కాబట్టి ఆ అబ్బాయి రౌటర్‌ను ఆ మూలనే బిగించి వెళ్ళాడు. దాని పక్కనే మీ నాయనమ్మ ఇనప బీరువా, దానికి నిలువుటద్దం. రేకైనా, అద్దం వెనక పూతైనా ఈ తరంగాలను వెనక్కి కొట్టేస్తాయి. బీరువా దాటితే మీ తాతయ్య కట్టించిన పద్నాలుగు అంగుళాల గోడ. అది దాటితే వంటిల్లు. ఆ పైన ఇనప చువ్వల స్లాబు. ఇన్ని దాటాక తమ్ముడి గది. వైఫైకి మామూలుగా రెండు రేడియో దారులు, 5 గిగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్ అని. 5 వేగంగా ఉంటుంది కానీ గోడల దగ్గర త్వరగా నీరసించిపోతుంది. 2.4 ఇంకాస్త దూరం వస్తుంది, కానీ చుట్టుపక్కల ఇళ్ళ రౌటర్లు, బ్లూటూత్ అన్నీ దాని మీదే ఉంటాయి, మైక్రోవేవ్ పొయ్యి రొద కూడా అందులోకే వస్తుంది. ఒక మాట చేరకపోతే వైఫై దాన్ని మళ్ళీ పంపుతుంది, మళ్ళీ పంపుతుంది. సినిమా చూసేవాళ్ళకు అది తెలియదు, ఎందుకంటే కొన్ని సెకన్ల బొమ్మ ముందే వచ్చి నిలవుంటుంది. ఆట ఆడేవాడికి ముందే నిలవుంచుకోవడానికి ఏముంటుంది?

నేను చేసిన తప్పు కూడా రాయాలి. బజారుకు వెళ్ళి పద్నాలుగు వందలు పెట్టి రిపీటర్ తెచ్చాను, వైఫై సిగ్నల్‌ను విని మళ్ళీ పంపే డబ్బా. నేరుగా వాడి గదిలో, మంచం పక్క సాకెట్లో పెట్టాను. ఫోన్లో గీతలన్నీ నిండుగా వచ్చాయి. తమ్ముడు నవ్వాడు, నేను పొంగిపోయాను. రాత్రి ఆట మొదలుపెడితే ముందున్నదానికంటే అధ్వానం. ఆ గీతలు ఫోనుకూ రిపీటర్‌కూ మధ్య ఉన్న సిగ్నల్‌వి. రిపీటర్‌కూ రౌటర్‌కూ మధ్య ఎంత ఉందో అవి చూపించవు. తనకే సరిగ్గా వినబడని మాటను అది గట్టిగా ఎలా చెప్తుంది? ఊళ్ళ మధ్య వేసిన కోయాక్సియల్ కేబుల్ రూట్లలో మా వాళ్ళు రిపీటర్ స్టేషన్లు దారి మధ్యలో పెట్టేవాళ్ళు, సిగ్నల్ ఇంకా బాగున్నచోట. అది తెలిసీ మన ఇంట్లో చివర పెట్టాను.

మర్నాడు దాన్ని మెట్ల మలుపు దగ్గర పెట్టడానికి చోటు వెతుకుతూ ఒక్కో మెట్టు మీద ఆగి పింగ్ చూస్తున్నాను. ఏడో మెట్టు దగ్గర నంబరు బాగా తగ్గింది. వంగి చూస్తే గోడ మీద, కూర్చుంటే భుజం తగిలే ఎత్తులో, పెన్సిల్‌తో సన్నగా అంకెలున్నాయి. ఐదో మెట్టు దగ్గర 31. ఏడు దగ్గర 34, దాని చుట్టూ సున్నా. తొమ్మిది దగ్గర 120. పదకొండు దగ్గర 290, దాని పక్కన కొట్టివేత. నీ చేతిరాతే. నాలుగుకు పైన మూత వేసేది మనింట్లో నువ్వొక్కదానివే.

2020లో కాలేజీ మూసేసినప్పుడు నువ్వు ఒళ్ళో అట్ట పెట్టుకుని ఆ మెట్టు మీదే కూర్చునేదానివి. పొద్దున ఆన్‌లైన్ క్లాసులు, సాయంత్రం ఆట. "నాన్నా, పైన నెట్ ఆగిపోతోంది, ఏదన్నా చెయ్యండి" అని ఎన్నిసార్లు అడిగావో నాకు గుర్తుంది. ఆట కోసం వంకలు పెడుతున్నావని అన్నాను. సున్నం గోడ మీద లెక్కలు రాసి పాడుచేశావని కేకలేశాను కూడా. అవి లెక్కలనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. పదిహేడేళ్ళ పిల్లవి, ఎవరూ నేర్పకుండా, మెట్టు మెట్టుకూ కొలిచి ఫాల్ట్ ఎక్కడుందో రాసి పెట్టావు. లైన్‌మన్‌ని, ఇంట్లోనే ఉన్నాను, చదవలేదు. తప్పు నాదే అమ్మా. ఆ మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాను.

రిపీటర్ అక్కడ పెట్టాక పింగ్ బాగానే తగ్గింది. కానీ కింద నేను వార్తలు పెడితే చాలు, మళ్ళీ పెరిగేది. ఎందుకంటే వైఫైలో ఒక చానల్ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్ళు ఆగాలి. మా వాకీటాకీల్లాగే. ఈ పద్ధతికి మూలం హవాయిలో ఉందని చదివాను. 1971లో అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ అనే ఆయన బృందం దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లు కలిపింది. ఇద్దరు ఒకేసారి మాట్లాడి మాటలు కొట్టుకుంటే, ఇద్దరూ తలా కొంతసేపు ఆగి మళ్ళీ చెప్పాలి. ఇప్పటి వైఫై చెప్పేముందు చెవి పెట్టి వింటుంది కూడా, కానీ ఆగి చెప్పడమనే ఆ మర్యాద అలాగే ఉంది. రిపీటర్ అదే చానల్లో విని, అదే చానల్లో మళ్ళీ చెప్పాలి కాబట్టి ఒక మాటకు రెండుసార్లు వంతు కావాలి. చవకరకం వాటిలో వేగం సగమయ్యేది ఇందుకే.

చివరికి నాకు వచ్చిన పనే చేశాను. పాత టెలిఫోన్ తీగ పోయిన దారి గోడ మీద ఇంకా ఉంది కదా, ఆ దారినే పీవీసీ పైపు వేసి కింది రౌటర్ నుంచి పై గదికి పాతిక మీటర్ల నెట్ కేబుల్, క్యాట్ 6 రకం, లాగాను. కరెంటు తీగకు జానెడు దూరంగా. షాపులో కేబుల్ కొన్నప్పుడు చాకుతో తీగను గీకి చూశాను, లోపల తెల్లగా కనిపిస్తే రాగి పూసిన అల్యూమినియం. మొదటి షాపులోది అలాగే ఉంటే వదిలేసి వచ్చాను. కేబుల్ తొక్క ఒలిచేసరికి ప్రాణం లేచి వచ్చింది. బ్లూ, ఆరెంజ్, గ్రీన్, బ్రౌన్. నా చేతులమీదుగా పోయిన ఫోను కేబుళ్ళలోని జతల రంగులే, స్లేట్ అనే బూడిద రంగు ఒక్కటే లేదు. వరస మాత్రం వేరు. తెలుపు ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు గ్రీన్, బ్లూ, తెలుపు బ్లూ, గ్రీన్, తెలుపు బ్రౌన్, బ్రౌన్. గ్రీన్ జత మధ్యలోకి బ్లూ జత వచ్చి కూర్చుంటుంది, అక్కడే మొదటిసారి తప్పాను. రెండో కనెక్టర్‌కు కుదిరింది. తమ్ముడు టార్చి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. చాలా రోజుల తర్వాత వాడూ నేనూ రెండు గంటలు కలిసి ఒక పని చేశాం.

అటక మీది పాత రౌటర్ దింపి పై గదిలో పెట్టాం. దాని అడ్రస్ 192.168.1.2 అని మార్చి, డీహెచ్‌సీపీ ఆపేశాం, ఇంట్లో నంబర్లు పంచేవాడు ఒక్కడే ఉండాలి కాబట్టి. కేబుల్‌ను బయటి నెట్ వచ్చే వాన్ పోర్టులో కాకుండా ఇంట్లోని మెషీన్లు కలిపే లాన్ పోర్టులో పెట్టాం. పేరు, పాస్‌వర్డ్ కింద ఉన్నవే. ఒకదానికొకటి అడ్డు రాకుండా కిందది 1వ చానల్, పైది 11. ఇప్పుడు గాలిలో పోయేది వాడి మంచానికీ బల్లకూ మధ్య ఉన్న పది అడుగులే. రౌటర్‌కు పింగ్ రెండో మూడో. నిన్న రాత్రి మీ ఆటలో ముప్ఫై నాలుగు చూశాను. వాడు పన్నెండున్నర దాకా నీతో నవ్వుతూనే ఉన్నాడు. మీ అమ్మ లైటు తీసేసి మెట్ల మీద కూర్చుని విన్నది. అది నీకు చెప్పొద్దంది.

ఇక నీ సంగతి. మీ ఫ్లాట్‌లో నలుగురు ఒకే నెట్ వాడుతున్నారు, నీ గది చివరిది, నీకూ ఆగుతోందని తమ్ముడు చెప్పాడు. అద్దె ఇల్లు, గోడకు బెజ్జం వెయ్యనివ్వరు. ముందు రౌటర్‌ను పింగ్ చేసి చూడు. అది బాగుండి బయట పెరుగుతుంటే, ఎవరో ఫోటోలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తూ దారి నింపేస్తున్నట్టు. వెనకటికి ట్రంకు కాల్స్‌లో ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని ఉండేవి. లైట్నింగ్ బుక్ చేస్తే క్యూలో ముందుకు వచ్చేది. రౌటర్‌లో ఏ మాట ముందు పోవాలో చూసే క్యూఓఎస్ అని ఉంటుంది, అది ఆన్ చేసి, అసలు వేగంలో తొంభై శాతం దగ్గర హద్దు పెట్టు. ఆట మాటలు చిన్నవి, ముందు వెళ్ళిపోతాయి, ఎవరికీ నష్టం లేదు. రౌటర్ దగ్గరే పెరుగుతుంటే 5 గిగాహెర్ట్జ్‌కు మారు. గోడలు అడ్డొచ్చి 2.4 తప్పకపోతే 1, 6, 11లలో రద్దీ తక్కువున్న చానల్ పెట్టు. మెష్, అంటే ఇల్లంతా నెట్ పంచే బాక్సుల సెట్, కొంటే ఆ బాక్సుల మధ్య మాటలకే వేరే రేడియో ఉన్నది కొను, రెండోది నీ గదిలో కాదు, వరండా తలుపు దగ్గర పెట్టు. తలుపు కింద నుంచి పోయే పల్చటి కేబుల్ కూడా దొరుకుతుంది. ఓనరు ఒప్పుకుంటే అన్నిటికంటే అదే మేలు.

సంక్రాంతికి ఇంటికి సున్నం వేయిస్తున్నాం. మెట్ల పక్క ఆ గోడ వదిలెయ్యమని చెప్పాను.

మీ ఫ్లాట్ బొమ్మ ఒకటి గీసి పంపమ్మా. గోడలు ఎక్కడ, రౌటర్ ఎక్కడ, వంటిల్లు ఎక్కడ, బీరువా ఎటువైపు, నీ మంచం ఎక్కడ, అడుగుల లెక్కతో. నేను చూసి ఎక్కడ ఏది పెట్టాలో గుర్తు పెట్టి తిరిగి పంపుతాను. ఎన్ని మీటర్లు కావాలో తెలిస్తే కేబుల్ ఇక్కడే కొని, రెండు చివర్లా కనెక్టర్లు వేసి, అమ్మ పంపే ఉసిరికాయ పచ్చడితోపాటు పార్సిల్ చేస్తాను.

ఆశీస్సులతో,
నాన్న