గోలీ గుంజీలు ఎవరు లెక్కపెట్టారు

ఒరేయ్ రాంబాబూ,

ఎలా ఉన్నావు రా, అమ్మకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గిందా, పిల్లలు బాగున్నారా. ఇక్కడ టొరంటోలో నిన్న రాత్రి మైనస్ 15, కారు అద్దం మీద మంచు గీకేసరికి వేళ్ళు మొద్దుబారిపోయాయి, అందుకే ఇవాళ బయటికి కదలకుండా టీ పెట్టుకుని నీకు రాస్తున్నా.

మొన్న ఆదివారం నువ్వు ఫోన్లో అడిగావు చూడు, మీ గ్రౌండుకి ఎవడో వచ్చి పిల్లలందరికీ గ్రాఫులు తీసే యాప్ కొనమన్నాడని, "ఈ లెక్కలు చూసేవాడికీ టీం నడిపేవాడికీ సరే, ఆడేవాడికి ఏం ఒరుగుతుంది రా" అని, ఆ మాట వారం నుంచీ నా బుర్రలోనే తిరుగుతోంది. క్రికెట్ సంగతి నీకే బాగా తెలుసు, నేను మాత్రం 11 ఏళ్ళుగా ఇక్కడ ఐస్ హాకీ చూస్తున్నా, ఈ గొడవ ఇక్కడ ఎప్పుడో మొదలై ఇంకా నడుస్తూనే ఉంది, అందుకని నాకు తెలిసిన దాంట్లోంచే చెప్తా.

నువ్వు కీపర్‌వి కాబట్టి ముందు ఈ కథ విను. బఫెలో సేబర్స్ టీంకి జిమ్ కోర్సీ అని గోలీల కోచ్, అంటే గోల్‌కీపర్ల కోచ్, ఉండేవాడు, ఆయనా ఒకప్పుడు గోలీనే. మ్యాచ్ అయ్యాక కాగితం మీద గోలీ ఇన్ని షాట్లు ఎదుర్కొన్నాడు అని రాస్తారు కదా, అందులో గోల్ మీదకి సరిగ్గా వచ్చినవే లెక్క. పక్కనుంచి పోయినవి, మధ్యలో ఏ డిఫెన్స్‌మనో కాలు అడ్డం పెట్టి ఆపినవి రాయరు. కానీ అవతలివాడు కర్ర ఎత్తినప్పుడు గోలీకి ఆ పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) లోపలికొస్తుందో పక్కకి పోతుందో తెలీదు కదా, ప్రతిసారీ మోకాళ్ళు వంచాలి, ఒళ్ళంతా బిగబట్టాలి, కింద పడాలి, మళ్ళీ లేవాలి. అందుకని కోర్సీ వచ్చినవీ పోయినవీ ఆగినవీ అన్నీ కలిపి లెక్క వేసేవాడు, మావాడు ఇవాళ ఎంత అలిసిపోయాడో తెలుసుకోడానికి. తర్వాత టిమ్ బార్న్స్ అనే ఆయన ఆ లెక్కనే టీంల బలం కొలవడానికి వాడి, కోర్సీ ఫోటోలో మీసం నచ్చి ఆ పేరే పెట్టేశాడు. ఇప్పుడు హాకీ లెక్కలు అనగానే అందరి నోటా మొదట వచ్చే పేరు అదే.

ఇది చదివినప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు రా. ఆ మే నెల టోర్నమెంట్, ఎండ మాడిపోతుంటే 40 ఓవర్లు కీపింగ్ చేశావు, స్కోర్ బుక్కులో నీకు మిగిలింది ఒక క్యాచ్, నాలుగు బైలు. 240 సార్లు కూర్చుని లేచావన్న సంగతి ఏ గడిలోనూ లేదు, సాయంత్రం మెట్లు దిగలేక గోడ పట్టుకున్నావు. కోర్సీ లాంటివాడు ఒకడుంటే అది రాసేవాడు.

అంటే ఈ లెక్క పుట్టిందే ఆటగాడి కోసం, నేను గట్టిగా పట్టుకున్నది ఇదే. తర్వాత అది మేనేజర్ల చేతికి పోయింది. అదేమీ తప్పు కాదు, మా టొరంటో టీం మేపుల్ లీఫ్స్ 2013-14లో మ్యాచులు గెలుస్తున్నారు కానీ ప్రతి రాత్రీ అవతలివాళ్ళే ఎక్కువ షాట్లు కొడుతున్నారు, ఇది నిలవదు అని లెక్కలవాళ్ళు ముందు నుంచీ మొత్తుకున్నారు, మార్చిలో వరసగా 8 మ్యాచులు ఓడి ప్లేఆఫ్స్ పోగొట్టుకున్నారు. ఆ ఎండాకాలమే 28 ఏళ్ళ కైల్ డూబస్‌ని అసిస్టెంట్ జనరల్ మేనేజర్‌గా తెచ్చుకున్నారు, మిగతా టీంలూ లెక్కలవాళ్ళ కోసం ఎగబడ్డాయి.

కానీ ఆటగాడిని కూర్చోబెట్టి "నీ కోర్సీ 46 శాతం" అంటే వాడేం చేసుకోవాలి చెప్పు. ఆ నంబర్ అంటే వాడు ఐస్ మీద ఉన్నప్పుడు రెండు టీంలూ కొట్టిన షాట్లన్నిట్లో వాడి టీం వాటా, అందులో వాడి పక్కన ఆడిన నలుగురూ ఉన్నారు, కోచ్ వాడిని ఎప్పుడూ సొంత గోల్ దగ్గరే దింపుతున్నాడా లేదా అన్నది ఉంది, అవతలి టీం ఓడిపోతూ కసిగా పైకొచ్చి కొడుతోందా అన్నదీ ఉంది. పైగా నంబర్ కోసమే ఆడితే దూరం నుంచి, గోడ పక్క నుంచి పనికిరాని షాట్లు ఎన్నైనా కొట్టొచ్చు, శాతం పెరుగుతుంది గోల్ మాత్రం రాదు. మా పాత ఆఫీసులో రోజుకి ఎన్ని టికెట్లు (వచ్చిన ఫిర్యాదులు) మూశావు అని కొలిచేవాళ్ళు, అందరూ తేలికవి ఏరుకునేవాళ్ళు, కష్టమైనవి నెలల తరబడి అలాగే పడుండేవి, నాకు అది చూసి చాలా బాధేసేది. అందుకే ఇప్పుడు షాట్ ఎక్కడ్నించి కొట్టాడు, ఎలా కొట్టాడు అని చూసి ఎన్ని గోల్స్ రావాలో అంచనా కట్టే లెక్క వచ్చింది, అది కాస్త నయం.

మరి పనికొచ్చేది ఏది అంటే, వాడి చేతిలో ఉన్న పని గురించి చెప్పేది. ఎరిక్ టల్స్కీ అని కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసినాయన, ఇంకొందరు కలిసి మ్యాచులు చూస్తూ చేత్తో లెక్క రాశారు, బ్లూ లైన్, అంటే అవతలివాళ్ళ గోల్ వైపు భాగం మొదలయ్యే గీత, దాటేటప్పుడు పక్‌ని కర్రతో పట్టుకుని లోపలికెళ్తే ఎన్ని షాట్లు వస్తున్నాయి, దూరం నుంచి లోపలికి విసిరేసి వెనకాల పరిగెడితే ఎన్ని వస్తున్నాయి అని. పట్టుకుని వెళ్తే దాదాపు రెట్టింపు. విసిరెయ్యి, వెంటపడు, అదే మగాడి ఆట అని చిన్నప్పట్నించీ నేర్పినవాళ్ళకి ఇది ఎంత పెద్ద మాటో ఆలోచించు. ఆ టల్స్కీయే 2024లో కరోలినా హరికేన్స్‌కి జనరల్ మేనేజర్ అయ్యాడు. అయితే ఇక్కడ కూడా ఆడేవాడికే తెలిసిన సంగతి ఒకటుంది, షిఫ్ట్ (ఐస్ మీదకి దిగి మళ్ళీ బెంచీకి వచ్చేదాకా ఆడే కాసేపు) చివర్లో కాళ్ళు బరువెక్కి నీవాళ్ళు బెంచీకి మారుతుంటే పక్ విసిరెయ్యడమే సరైన పని, అక్కడ శాతం పట్టుకు వేలాడితే గోల్ తినేస్తారు.

గోలీలకైతే ఇంకా బాగా పనికొచ్చింది. ఒకప్పుడు గోలీగా ఆడిన స్టీవ్ వాలికెట్ ఒక గోల్ నుంచి ఇంకో గోల్‌కి మధ్యలో గీత ఉందనుకుని చూశాడు, పాస్ ఆ గీత దాటి అటు నుంచి ఇటు వస్తే గోల్ పడే అవకాశం బాగా పెరుగుతోంది, ఎందుకంటే గోలీ పక్కకి జరగాలి, కళ్ళు మళ్ళీ నిలుపుకోవాలి. గోలీకి ఆ మాట తెలిస్తే ఎక్కడ తొందరపడాలో తెలుస్తుంది, డిఫెన్స్‌మన్‌కి తెలిస్తే షాట్ వదిలేసి పాస్‌కే కర్ర అడ్డం పెడతాడు.

పోయిన చలికాలం ఒక రాత్రి నేనే కూర్చుని లెక్కపెట్టా. నోట్‌బుక్‌లో రెండు గళ్ళు, మనవి, వాళ్ళవి, ప్రతి షాట్ ప్రయత్నానికీ ఒక గీత, అయిదో గీత అడ్డంగా, పక్కన అప్పుడు ఐస్ మీద ఉన్న డిఫెన్స్‌మన్ జెర్సీ నంబర్. కామెంటేటర్ నోట పెద్దగా పలకని పేరు ఒకటుంది, రెండో పీరియడ్ అయ్యేసరికి చూస్తే వాళ్ళ గడిలో అతని నంబర్ దాదాపు లేదు. ఏం చేస్తున్నాడా అని మళ్ళీ వేసుకుని చూశా. వచ్చేవాడు బ్లూ లైన్ దగ్గరికి రాకముందే ఒక కర్ర దూరంలో వెనక్కి స్కేట్ చేస్తూ ఉంటాడు, తొందరపడి మీదకి పోడు, కర్ర మొన మాత్రం మధ్య దారి మీద పెట్టి ఉంచుతాడు, వాడికి గోడ వైపే చోటు కనిపిస్తుంది, అటు పోయి పక్ విసిరేసుకుంటాడు. అంతే, షాట్ లేదు, చప్పట్లూ లేవు. అలాంటివాడు కాంట్రాక్ట్ మాట్లాడుకునేటప్పుడు చూపించుకోడానికి గోల్స్ ఉండవు, ఈ లెక్కే ఉంటుంది. నాకు ఆ రాత్రి చాలా సంతోషంగా అనిపించింది రా.

ఇంకోటి, గోల్స్ రాని రోజుల్లో కూడా ఇది ఆదుకుంటుంది. పది మ్యాచులు గోల్ లేకపోతే వాడికి నిద్ర పట్టదు, కర్ర మారుస్తాడు, టేపు మారుస్తాడు. అప్పుడు కోచ్ "నీ షాట్లు అదే చోటు నుంచి, అన్నే వస్తున్నాయి, గోలీలు ఆపుతున్నారంతే, ఏమీ మార్చకు" అని చూపిస్తే వాడికి ఊపిరి ఆడుతుంది.

కానీ ఎవడూ ఐస్ మీద నంబర్లు తలుచుకోడు, ఒక షిఫ్ట్ 45 సెకన్లు, ఎక్కడ టైం. ఇప్పుడు భుజాల ప్యాడ్ల మీద సెన్సర్లున్నాయి, పక్ లోపల కూడా ఉంది, ఎవడెంత వేగంగా కదిలాడో అంతా తెలిసిపోతుంది, అయినా బెంచ్ మీద కూర్చున్నవాడు టాబ్లెట్‌లో చూసుకునేది తన షిఫ్ట్ వీడియోనే. కోచ్ వంద లెక్కల్లోంచి ఒకటి ఏరి, దానికి రెండు క్లిప్పులు పెట్టి, ఇది ఇలా చెయ్యి అని చెప్పగలిగితేనే అది ఆటగాడి దాకా వచ్చినట్టు.

కాబట్టి ఆ యాప్ ఇప్పుడే కొనకు రా. ఫోన్లో చెప్పావే, ఆ సన్నటి కీపర్ పిల్లాడు లెగ్ సైడ్ బంతులు వదిలేస్తున్నాడని, పెద్దవాళ్ళు తిడుతున్నారని. ఈ శనివారం మ్యాచ్‌కి ఒక నోట్‌బుక్ తీసుకెళ్ళి వాడికొచ్చిన ప్రతి బంతికీ గీత పెట్టు, వదిలేసినవి ఏ ఓవర్లో వదిలాడో రాయి. నాకెందుకో అవన్నీ 25వ ఓవర్ తర్వాతే ఉంటాయనిపిస్తోంది. ఆదివారం పొద్దున్న నీకు ఆరింటికి చేస్తా, ఇక్కడ శనివారం రాత్రే కదా, పేజీ ఫోటో తీసి ముందే పంపించు.

నీ
సుబ్బు