పాత స్పోర్ట్స్ కారు టైర్ల కొలతపై ఒక సవరణ

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ వాహనాల పేజీలో పాత స్పోర్ట్స్ కార్లకు టైర్లు మార్చుకోవడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. 1970 ప్రాంతపు ఎమ్‌జీబీ వంటి బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లకు అసలు కొలత టైర్లు ఇప్పుడు మన దేశంలో దొరకవనీ, అందువల్ల 15 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించి 195/60 ఆర్15 టైర్లు ఎక్కించుకోవడమే మార్గమనీ అందులో రాశారు. అదే కారును పదకొండేళ్ళుగా పాలకొల్లులో నడుపుతున్నవాడిగా ఈ మాటను ఒప్పుకోలేకపోతున్నాను. ఆ కొలత దొరక్కుండా పోలేదు, దాన్ని రాసే తీరు మాత్రమే మారింది. నేను ఈ ఉత్తరం రాస్తున్న వేళకు మా వీధి చివర టాక్సీ స్టాండులో నిలిపి ఉన్న రెండు మారుతి డిజైర్ కార్లకు ఉన్నవి ఆ టైర్లే.

నా కారు 1971 నాటిది. ఇంగ్లండులో డాక్టరుగా పనిచేసి వచ్చిన మా మేనమామ గారు తెచ్చుకున్నది. అది నా చేతికి వచ్చేసరికి దాని టైర్ల మీద 165 ఎస్ఆర్ 14 అని ఉంది. 165 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 14 అంటే అంగుళాల్లో రిమ్ము వ్యాసం, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం దాకా పనికివస్తుందని, ఆర్ అంటే రేడియల్ అని అర్థం. ఇప్పటి టైర్ల మీద వెడల్పు పక్కనే గీత గీసి ఇంకొక అంకె వేస్తారు. రిమ్ముకూ నేలకూ మధ్య ఉండే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎంతో చెప్పే అంకె అది. పాత టైరు మీద అది లేనంత మాత్రాన ఎత్తుకు లెక్క లేదని కాదు. ఆనాటి మామూలు రేడియల్ టైర్లన్నీ 80, 82 శాతం ఎత్తుతోనే వచ్చేవి కాబట్టి, పులుసులో చింతపండు వేశామని ఎవరూ విడిగా చెప్పనట్టే, దాన్ని విడిగా అచ్చు వేయలేదు.

ఈ సంగతి తెలియక నేనూ మొదట్లో పొరపాటు పడ్డాను. మా ప్రాంతంలోని ఒక పెద్ద టైర్ల దుకాణంలో, ఆ నడిమి అంకె లేనిదే కంప్యూటరులో వెతకడం కుదరలేదు. ‘‘పద్నాలుగుకి పద్నాలుగే కదండీ, ఇంకాస్త వెడల్పుంటే రోడ్డు గట్టిగా పట్టుకుంటాదండీ’’ అని చెప్పి 185/60 ఆర్14 టైర్లు ఎక్కించారు. చూడ్డానికి బాగానే ఉన్నాయి గనుక నేనూ తలూపాను. ఆ కొలతలో తప్పేమీ లేదు. 1989లో వచ్చిన జపాను స్పోర్ట్స్ కారు మాజ్దా ఎమ్ఎక్స్-5కు కంపెనీ ఇచ్చిన కొలత అదే. నా కారుకు మాత్రం అది పొట్టి. లెక్క కష్టమైనదేమీ కాదు: రిమ్ము వ్యాసం 14 అంగుళాలంటే 355.6 మిల్లీమీటర్లు, దానికి పైన ఒక పక్కగోడ, కింద ఒక పక్కగోడ కలపాలి. 165కు 82 శాతం చొప్పున పాత టైరు మొత్తం ఎత్తు 626 మిల్లీమీటర్లు వస్తే, 185కు 60 శాతం చొప్పున కొత్తదాని ఎత్తు 578 దగ్గర ఆగిపోయింది. అంటే వెడల్పు రెండు సెంటీమీటర్లు పెరిగిందని సంబరపడిన నేను ఎత్తులో దాదాపు అయిదు సెంటీమీటర్లు పోగొట్టుకున్నాను.

దాని ఫలితం రెండు చోట్ల తెలిసింది. స్పీడోమీటరు 60 మైళ్ళు చూపిస్తున్నప్పుడు కారు నిజంగా వెళ్ళేది 55 మైళ్ళ పైచిలుకే. అంత వేగానికే ఇంజను మునుపటికన్నా ఎక్కువ చుట్లు తిరగాల్సి వచ్చేది. రెండోది ఇంకా బాధాకరం. టైరు ఎత్తు తగ్గినదాంట్లో సగం మేర, అంటే సుమారు 24 మిల్లీమీటర్లు, కారు నేలకు దిగింది. అసలే ఎమ్‌జీబీ పొగగొట్టం నేలకు దగ్గరగా ఉంటుంది. నరసాపురం వైపు కాలువ వంతెనలు ఏనుగు వీపుల్లా లేచి ఉంటాయని ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. మూడో రోజే ఒక వంతెన మీద పొగగొట్టం గీసుకుని బిగింపు ఊడి వేలాడింది.

అందుకే పాత కారుకు టైరు ఎంచుకునేటప్పుడు ముందు చూడవలసింది మొత్తం ఎత్తు, ఆ తరువాత రిమ్ము వెడల్పు, ఆ తరువాతే టైరు వెడల్పు అని నా అభిప్రాయం. ఎత్తులో తేడా నూటికి మూడుకు మించకుండా చూసుకోవాలని టైర్ల పని తెలిసినవారు చెప్పే మాట. ఆ ఒక్క లెక్కలో మీ వ్యాసం తప్పు చెప్పలేదని ఒప్పుకోవాలి: 195/60 ఆర్15 ఎత్తు 615 మిల్లీమీటర్లు, తేడా రెండు శాతం లోపే. అయితే ఆ టైరుకు కనీసం అయిదున్నర అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. ఎమ్‌జీబీ స్పోకు చక్రాల వెడల్పు నాలుగున్నర అంగుళాలే కాబట్టి టైర్ల కోసం చక్రాలే మార్చాలి. పైగా వెనుక చక్రానికీ మడ్‌గార్డు అంచుకూ మధ్య సందు ఈ కార్లలో సహజంగానే తక్కువ. వెడల్పు టైరు రాసుకుంటుందని ఆ అంచును సుత్తితో కొట్టి వంచేవాళ్ళను చూశాను. యాభై ఏళ్ళు దాటిన కార్లను వింటేజి వాహనాలుగా నమోదు చేసుకునేందుకు 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలు ఛాసీలో, బాడీలో, ఇంజనులో చెప్పుకోదగ్గ మార్పులను ఒప్పుకోవు. ఆ నమోదుకు వెళ్ళే ఆలోచన ఉన్నవారు సుత్తి పట్టే ముందు ఒకసారి ఆగడం మంచిది.

వెడల్పుంటే పట్టు ఎక్కువన్నది ఆరిన రోడ్డు మీద కొంతవరకు నిజం. మన డెల్టాలో జూన్ నుంచి నవంబరు దాకా రోడ్డు ఆరి ఉండేదెన్నడు? వాన లేని రోజున కూడా భీమవరం రోడ్డు మీద రొయ్యల లారీలు మంచునీళ్ళు కార్చుకుంటూ పోతాయి. నిలిచిన నీటిని వెడల్పు టైరు చీల్చుకుని పోలేదు. దాని మీదికెక్కి తేలుతుంది. సన్నని టైరు నీటిని పక్కలకు తోసి నేలను అందుకుంటుంది. పవర్ స్టీరింగ్ లేని ఈ కారును సంత రోజున ఇరుకు వీధిలో వెనక్కి తిప్పవలసి వస్తే సన్న టైరు విలువ భుజాలకు తెలుస్తుంది.

ఇక దొరకదన్న టైరు సంగతి. మారుతి స్విఫ్ట్, డిజైర్ కార్లలో తక్కువ ధర రకాలకు కంపెనీ వేసి ఇచ్చినవి 165/80 ఆర్14 టైర్లు. వెడల్పు అదే, రిమ్ము అదే, ఎత్తు 620 మిల్లీమీటర్లు. పాతదానికీ దీనికీ తేడా ఒక్క శాతం. దీని మీద ఉండే 85టి అనే గుర్తుకు టైరు ఒక్కింటికి 515 కిలోల బరువు, గంటకు 190 కిలోమీటర్ల వేగం అని అర్థం. టన్ను బరువుకు అటూ ఇటూగా ఉండే కారుకు ఇంతకన్నా ఏం కావాలి? 2020 జూన్ నుంచి టైర్ల దిగుమతికి ఆంక్షలున్నాయి కాబట్టి విదేశాల నుంచి తెప్పించుకునే ప్రయాస కూడా దీనితో తప్పుతుంది. కొంచెం నిండుగా కనిపించాలనుకునేవారికి 185/70 ఆర్14 ఉంది. ఎత్తు 615, నాలుగున్నర అంగుళాల రిమ్ము దానికి కనీస హద్దు. ఇంకో పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ చివరి రకాలకు ఉండిన 155 ఎస్ఆర్ 13కు కూడా ఇలాగే ఈ కాలపు జోడీ ఉంది: మారుతి వ్యాగన్ ఆర్‌లో కొన్ని రకాలకు వచ్చిన 155/80 ఆర్13.

స్పోకు చక్రాలున్నవారికి ఒక మాట. స్పోకుల తలలు రిమ్ములోకి పొడుచుకుని ఉంటాయి కాబట్టి ఇప్పటి ట్యూబ్‌లెస్ టైరు వేసినా లోపల రేడియల్ ట్యూబూ, స్పోకుల మీద టేపూ తప్పనిసరి. టైరు లోపలి వైపు అంటించి ఉండే కాగితపు చీటీలను పీకేయమని దగ్గరుండి చెప్పండి. అవి ట్యూబును రాపిడి చేసి నెమ్మదిగా చిల్లు పెడతాయి. మా దగ్గర ఉప్పుగాలికి స్పోకులు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి టైరు విప్పిన రోజే వాటినీ చూడడం మేలు. గాలి విషయంలో కారుతో వచ్చిన పుస్తకం ముందు 21, వెనుక 24 పౌండ్లని చెబుతుంటే, పెట్రోలు బంకు కుర్రాడు అడగకుండానే నాలుగింటికీ 32 కొడతాడు. పాపం, అతని రోజంతా డిజైర్లతోనే.

ఇలాంటి కార్లు తిరిగేది తక్కువ కాబట్టి టైరు అరగకముందే ముసలిదవుతుంది. పక్కగోడ మీద అండాకారపు గడిలో ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. పదేళ్ళు దాటిన టైరు గ్రిప్పు ఎంత కొత్తగా కనిపించినా తీసేయాలి.

వ్యాసంతో పాటు అచ్చయిన పట్టికలో ఎమ్‌జీబీకి ఎదురుగా 195/60 ఆర్15 ఒక్కటే ఉంది. ఆ గడిలో మొదట 165/80 ఆర్14ను, దాని తరువాత 185/70 ఆర్14ను చేర్చి, ఒక్కో టైరు మొత్తం ఎత్తును కూడా పక్కన వేసి వచ్చే సంచికలో మళ్ళీ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.