బేకరీ మామ బట్టీలో మళ్ళీ నిప్పు పడింది

నెల్లూరు, వెంకటేశ్వరపురం
23 జనవరి 2022

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగా చెప్పలేకపోయాను. "చీటీ డబ్బు 60 వేలు బేకరీ మామకి ఎందుకిచ్చావు నాన్నా, ఆ కొట్టు మళ్ళీ తెరిచేదెప్పుడు, ఇప్పుడు అందరూ ఫోన్లో ఆర్డర్ పెట్టుకుంటున్నారు కదా" అన్నావు. అప్పుడే ఇందుకూరుపేట నుంచి ఎవరో రొయ్యల చెరువు మోటారు తెచ్చి మన మోటారు రిపేరు షాపు ముందు దించారు, నాకు మాట కూడబలుక్కునే తీరిక లేకపోయింది. ఈ రోజు ఆదివారం, షాపు మూసి కూర్చున్నాను. కొంచెం పొడుగే అవుతుంది, తీరిగ్గా చదువు.

నీళ్ళొచ్చిన సంగతి నీకు తెలుసు, ఎట్టా వచ్చాయో మాత్రం నేను నీకు ఎప్పుడూ వివరంగా చెప్పలేదు, నువ్వు అక్కడ టెన్షన్ పడతావని. కార్తీక పౌర్ణమి నాడు, నవంబర్ 19న, పైన కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్ళు పెన్నలో కలిసి సోమశిల డ్యాముకు వచ్చాయి, సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులు దాటి కిందికి వదిలారు. ఇక మనకేముంది, నది వీధిలోకే వచ్చింది. మన ఇల్లు కొంచెం మెరక గనక రెండు మెట్లు మునిగి అక్కడ ఆగింది. బేకరీ వీధి చివర పల్లంలో కదా, షట్టరు సగానికి పైగా మునిగింది. పడుగుపాడు దగ్గర పట్టాల మీదికి నీళ్ళొచ్చి రైళ్ళు ఆపేశారు, కోవూరు వైపు హైవే మీద బస్సులు లేవు, నువ్వు హైదరాబాదులో బయల్దేరతానని ఏడుస్తుంటే వద్దు వద్దని మీ అమ్మ గొంతు పోయేలా చెప్పింది గుర్తుందా, ఆ రెండు రోజులే.

మూడో రోజు నేనూ మామా వెళ్ళి షట్టరు లేపాం. చీలమండ లోతు ఒండ్రు. క్రిస్మస్‌కీ న్యూ ఇయర్‌కీ కేకుల కోసం ముందుగా తెచ్చిపెట్టుకున్న సరుకంతా అందులోనే ఉంది. మైదా బస్తాలు తడిసి, పులిసి, ఉబ్బి కుట్లు తెగిపోయాయి, ఆ పుల్లటి వాసన ఇప్పటికీ నా ముక్కుకు తగులుతూనే ఉంది. ఫ్రిజ్ ఎక్కడో తేలి వెళ్ళి వెనక గుమ్మానికి అడ్డంగా పడుంది. మామ వాటి వంక చూడను కూడా చూడలేదు. నేరుగా బట్టీ దగ్గరికి పోయి, దాని నోట్లోకి మోచేయి దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు బురద తీసి, చేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. నేను "బావా" అన్నాను. పలకలేదు. ఆయనకు 67 ఏళ్ళు, నేను ఆయన్ని అట్టా ఎప్పుడూ చూడలేదు.

ఆ బట్టీ 1996లో ఆయన దగ్గరుండి కట్టించుకున్నది. మద్రాసులో ఒక బేకరీలో పదేళ్ళు పనిచేసి, పని నేర్చుకుని వచ్చి, ఇటుక ఇటుకా ఎక్కడ పెట్టాలో తానే మేస్త్రీకి చూపించాడు. అడుగు ఇటుకల కింద జానెడు మందాన ఇసుక, అందులో ఉప్పు, పగలగొట్టిన గాజు పెంకులు వేశారు. తెల్లారి సరుగుడు కట్టెలతో ఒకసారి కాలిస్తే, నిప్పులు బయటికి లాగేశాక కూడా సాయంత్రం దాకా ఆ వేడి నిలిచేది అందుకే. పొద్దున బన్నులు, బ్రెడ్డు, తర్వాత పఫ్‌లు, వేడి తగ్గేకొద్దీ కేకులు, రస్కులు. సాయంత్రం మళ్ళీ నాలుగు కట్టెలేసి పీజాలు.

నువ్వు పోయినేడు గచ్చిబౌలిలో 600 పెట్టి తిన్నానని, కట్టెల మీద కాల్చిన పీజా అని ఫోటో పంపావే, అంచులు అక్కడక్కడా నల్లగా పొంగి ఉన్నది, అది చూసి నేను మీ అమ్మతో ఇది మన మామ పీజా కదే అన్నాను. కాకపోతే మన మామ దానికి టమాటా సాస్ కింద పల్చగా ఎర్రకారం పూసేవాడు, కారం దోసెకు పూసేదే, వెల్లుల్లి వేసి నూరింది. ఆదివారాలు రొయ్యలు. సాస్ తీపి మన వాళ్ళకు ఎక్కదని మొదటి నెలలోనే కనిపెట్టాడు. నువ్వు నాలుగో క్లాసులో కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే కూడా ఇంకో ముక్క ఇంకో ముక్క అని తిన్నావు.

ఈ దెబ్బ ఒక్కటే అయితే ఎట్టాగో తట్టుకునేవాడు. మార్చి 2020లో రాష్ట్రంలో మొదటి కరోనా కేసు మన నెల్లూరులోనే వచ్చింది, ఇటలీ నుంచి వచ్చిన మనిషికి. అప్పుడు కొందరు పీజా అంటే ఇటలీది కదా అని, లాక్‌డౌన్ పెట్టకముందే మామ కొట్టుకు రావడం మానేశారు. ఎంత బాధపడ్డాడో. తర్వాత లాక్‌డౌన్. బేకరీ పాత లోనుకు ఆరు నెలలు కిస్తీ కట్టక్కర్లేదన్నారు, మామ అది మాఫీ అనుకున్నాడు, ఆ ఆరు నెలల వడ్డీ అసలుకు కలిపారని తర్వాత తెలిసింది. ఆ యేడు రొట్టెల పండగకు జనాన్ని రానివ్వలేదు, ఆ వారం రోజుల బేరం ఆయనకు రెండు నెలల పెట్టు. నవంబర్‌లో నివర్ తుఫాను, అప్పుడూ పెన్న పొంగి కొట్టులోకి నీళ్ళొచ్చాయి, బట్టీ దాకా మాత్రం రాలేదు. 2021 ఎండాకాలంలో సెకండ్ వేవ్. అప్పుడే అత్తయ్య పోయింది. ఆ తర్వాత ఈ వరద.

పునరావాస కేంద్రాల్లో భోజనం పెట్టారు, ఇళ్ళు మునిగినవాళ్ళకు బియ్యం, పప్పు ఇచ్చారు. అంగడి సరుకు పోతే మాత్రం అడిగేవాళ్ళు లేరు. మామ ముద్రా లోనుకు బ్యాంకుకు వెళ్ళాడు, నేనూ వెంట పోయాను. 50 వేల లోపు అయితే శిశు అంటారు, ఆయనకు కావాల్సింది రెండున్నర లక్షలు, అంటే కిశోర్ కిందికి వస్తుంది, దానికి కొటేషన్లు, మూడేళ్ళ లెక్కలు, లైసెన్సు అన్నీ కావాలన్నారు. ఆ కాగితాలే కదమ్మా నీళ్ళల్లో పోయింది. నాలుగుసార్లు తిప్పారు. నాలుగోసారి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, "మా అబ్బయ్య మద్రాసు వచ్చేయమంటున్నాడు, పోతానురా" అన్నాడు.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని మాట చెప్తా. 1999లో నేను కలిగిరి నుంచి ఈ ఊరు వచ్చినప్పుడు ఒక మోటార్ల వైండింగ్ షాపులో పనికి కుదిరాను. ఏడాదిన్నర చేశాక, కాలిపోయిన మోటారు ఒకటి నా తప్పేనని, నాకు రావాల్సిన జీతం రెండు నెలలది ఆపేసి పొమ్మన్నారు. మీ అమ్మకు అప్పుడు ఏడో నెల, కడుపులో నువ్వే. ఊరికి తిరిగిపోదామని బట్టలు సర్దుకున్నాం. మామ బేకరీ ముందు వరండాలో ఒక బల్ల వేయించి, "ఈడ కూర్చుని చేసుకో, నీకు వచ్చే బేరాలు నీకు వస్తాయి" అన్నాడు. రెండేళ్ళు కూర్చున్నాను. ఒక్క రూపాయి అద్దె తీసుకోలేదు, కరెంటు బిల్లుకు ఇస్తానంటే కూడా తీసుకోలేదు. బన్ను కొనడానికి వచ్చిన రైతులే నా మొదటి బేరాలు. కాన్పప్పుడు ఆసుపత్రికి రోజూ బ్రెడ్డు, పాలు పంపింది అత్తయ్యే. మన ఇల్లు, నీ చదువు, ఈ షాపు, అన్నీ ఆ వరండాలో మొదలయ్యాయి.

అందుకని ఇచ్చాను. మీ అమ్మను అడిగే ఇచ్చాను. పై గది వేద్దామని దాచుకున్నది కదా, కాదంటుందేమో అనుకున్నా. "ఇవ్వండి, కానీ కాగితం రాయించుకోండి, లేకపోతే ఆయనే తీసుకోడు" అంది. ఆమె చెప్పినట్టే అయింది, కాగితం చూపించాకే మామ చెయ్యి చాపాడు. వడ్డీ లేదు, ఏప్రిల్ నుంచి నెలకు 3 వేలు.

పిండి కలిపే మిషను మోటారు నేను షాపుకు తెచ్చాను. 3 హెచ్‌పీది, రెండు రోజులు నీళ్ళల్లో ఉంది. విప్పి, బురద కడిగి, లోపల 200 వాట్ల బల్బు పెట్టి ఆరబెట్టి చూశా, ఇన్సులేషన్ చూసే మెగ్గర్ మీటరు పెడితే ముల్లు సున్నా దగ్గర నుంచి లేవలేదు. ఇక వైండింగ్ మొత్తం తీసేశాను. పాత రాగి ఊడబీకుతుంటే గాడుల మధ్య నుంచి సన్నటి ఒండ్రు పొడి రాలింది, పెన్న ఇసుక, మెరుస్తా ఉంది. కొత్త పేపర్ వేసి, కాయిల్స్ చుట్టి, దించి, రాత్రి పదకొండింటికి వార్నిష్ వేశాను. 22 ఏళ్ళుగా ఈ పని చేస్తున్నా, ఏ మోటారుకూ ఇంత జాగ్రత్తగా ముడి వేయలేదు.

బట్టీ మాత్రం ఏడిపించింది. తడిసిన ఇటుకకు ఒక్కసారిగా పెద్ద మంట తగిలితే లోపలి నీరు ఆవిరై గోడ చీలుస్తుంది. మేస్త్రీ చెబుతూనే ఉన్నాడు, మామ ఆగలేక డిసెంబర్ చివర్లో ఒక రాత్రి నాలుగు మొద్దులు వేసేశాడు. ఠప్‌మని శబ్దం వచ్చింది, నోటి దగ్గర మూడు వేళ్ళు పట్టేంత చీలిక. మళ్ళీ ఆ భాగం విప్పి, తడి ఇసుక ఎత్తి పోసి, కొత్త ఇసుక, ఉప్పు, గాజు పెంకులు వేసి కట్టారు. ఉప్పు అయితే పాతది ఒక్క కణం మిగల్లేదు. ఈసారి పది రోజులు రోజుకు గంటసేపు పిడకలతో సన్న సెగ, తర్వాత చిదుగులు, తర్వాత సన్న కట్టెలు. మొదట్లో తలుపు మూస్తే రేకు లోపలి వైపు చెమట పట్టినట్టు నీళ్ళు కారేవి. రోజూ పొద్దున మామ ఆ రేకు మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. సంక్రాంతి మూడో రోజు, కనుమ నాడు, పొడిగా ఉంది. నన్ను పిలిచి నా చెయ్యి కూడా పెట్టించాడు.

నిన్న మొదటిసారి ఒక ట్రే బన్నులు కాల్చాడు. అడుగు కొంచెం మాడింది, బట్టీ వేడి ఇంకా ఆయన చేతికి రాలేదు. తెల్లారి ఐదింటికి హమాలీలు నలుగురు వచ్చి నిలబడ్డారు, ఎవరు చెప్పారో తెలియదు, వాసనే పోయుంటుంది. మాడినవే తిని డబ్బులు ఇచ్చి వెళ్ళారు. ఫోన్లో ఆర్డర్ పెట్టుకునేవాళ్ళు ఉన్నారమ్మా, నువ్వన్నది నిజమే, సాయంత్రం పీజా బేరం మునుపటిలా ఉండదేమో. కానీ ఈ నలుగురికి 5 రూపాయల బన్ను తెల్లారి ఐదింటికి ఇంకెవరు ఇస్తారు చెప్పు.

ఇంకా కావాల్సినవి చాలా ఉన్నాయి. ఫ్రిజ్ లేదు, అందుకని చీజ్ ఏ రోజుకు ఆ రోజు తెచ్చుకోవాలి. కరెంటు వైరింగు నా దగ్గర పనిచేసే పిల్లలే చేస్తున్నారు, స్విచ్‌బోర్డులన్నీ ఈసారి తలకంటే ఎత్తులో పెట్టిస్తున్నా. నైట్ కర్ఫ్యూ పెట్టారు గనక కొన్నాళ్ళు రాత్రి తొందరగానే మూస్తాడు. నువ్వు డబ్బు పంపుతానని మాత్రం అనొద్దు, ఆయన నొచ్చుకుంటాడు.

నీ వల్ల ఒక్క పని కావాలి. కొట్టు ముందు ఉండే బోర్డు కొట్టుకుపోయింది, పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలు, కింద మూలన చేత్తో గీసిన పీజా బొమ్మ. అదే బోర్డు రాయించాలని మామకు ఉంది, కానీ అక్షరాలు ఎట్టా ఉండేవో పెయింటర్‌కు చెప్పలేకపోతున్నాడు. నీ పదో పుట్టినరోజు నాడు, పసుపు పట్టు లంగాలో, చేతిలో పీజా పెట్టుకుని ఆ బోర్డు కిందే నిలబడితే ఫోటో తీశాం కదా, అది నీ లాప్‌టాప్‌లో ఉందని మీ అమ్మ అంటోంది. వెతికి పంపు. సగం కత్తిరించిన ఫోటో వద్దు, బోర్డు పైనున్నది మొత్తం కనపడాలి. పెయింటర్ గురువారం వస్తానన్నాడు.

మీ నాన్న