హాట్‌డాగ్ చిల్లీకి తాలింపు అక్కరలేదు

సంపాదకులకు నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలోని వంటల పేజీలో ఇటీవల అచ్చయిన హాట్‌డాగ్ చిల్లీ, అంటే బన్నులో పెట్టిన సాసేజ్ మీద వేసే మాంసపు పూత, తయారీ విధానాన్ని ఆసక్తితో చదివాను. నూనె కాగిన తరువాత ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, టమాటా ముక్కలు, ఉడికించిన రాజ్మా, రెండు పెద్ద చెంచాల కారం, ఖీమా వరుసగా వేసి, చివర కొత్తిమీర చల్లి దించమని అందులో రాశారు. అలా వండితే మంచి ఖీమా కూర తయారవుతుందనడంలో నాకు సందేహం లేదు. చపాతీలోకి అటువంటి కూర నేనూ చేస్తుంటాను. అయితే బన్నులో పెట్టిన సాసేజ్ మీద అది నిలవదు. రాజ్మా గింజలు ఒకవైపు, ఖీమా ఉండలు మరొకవైపు జారిపోయి, టమాటా నీరు బన్నులోకి దిగి, తినేవారి చేతిలో మెత్తటి ముద్ద మిగులుతుంది. అమెరికాలోని డెట్రాయిట్ శివార్లలో చాలాకాలంగా నివసిస్తున్నదానిగా, ఇక్కడివారు ఈ చిల్లీని ఎంత తక్కువ సరుకులతో, ఎంత తేలికగా చేసుకుంటారో మీ పాఠకులకు తెలియజేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

అమెరికాలో చిల్లీ పేరుతో చలామణీ అయ్యే వంటకాలు చాలా ఉన్నాయి. టెక్సాస్ రాష్ట్రం 1977లో తన అధికారిక వంటకంగా ప్రకటించుకున్నది మాంసం ముక్కలను ఎండుమిరపకాయల ముద్దలో ఉడికించే చిల్లీ. మిగతా రాష్ట్రాల ఇళ్లలో సాధారణంగా కనిపించేది బీన్స్, టమాటాలు వేసి గిన్నెలో పోసుకుని చెంచాతో తినేది. హాట్‌డాగ్ మీద వేసేది ఈ రెండింటికీ భిన్నమైనది. ఇరవయ్యవ శతాబ్దం తొలి దశాబ్దాల్లో గ్రీస్, మాసిడోనియా ప్రాంతాల నుంచి వలస వచ్చినవారు మధ్య పశ్చిమ నగరాల్లో చిన్న చిన్న ఫలహారశాలలు తెరిచి, కర్మాగారాల్లో పనిచేసేవారికి చౌకగా, వేగంగా అందించిన తిండి ఇది. డెట్రాయిట్ నడిబొడ్డున 1917లో గస్ట్ కీరోస్ ప్రారంభించిన అమెరికన్ కోనీ ఐలండ్ అనే హాట్‌డాగ్ దుకాణం, దాని గోడకు గోడగా ఆయన సోదరుడు పెట్టిన లఫాయెట్ కోనీ ఐలండ్ ఈనాటికీ పక్కపక్కనే ఉన్నాయి. రెండింటిలో ఏది మేలన్న వాదం ఈ ఊళ్లో ఎప్పటికీ తెగదు. ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లోనూ 1914 నాటి కోనీ ఐలండ్ దుకాణం ఒకటి ఉంది. మాకు ఉత్తరాన ఉన్న ఫ్లింట్ నగరంలో ఈ మాంసపు పూత దాదాపు పొడిపొడిగా ఉంటుంది, అందులో పశువు గుండె మాంసం కూడా కలుపుతారు. డెట్రాయిట్‌లో మాత్రం జారుగా, గరిటెతో పోసేటట్లు ఉంటుంది. ఊరు మారితే చిక్కదనం మారుతుంది గాని, గింజలు, పెద్ద ముక్కలు లేని మెత్తటి మాంసం అన్న నియమం ఎక్కడా మారదు.

ఆ మెత్తదనమే ఈ వంటలో అసలు కిటుకు. మన అలవాటు ప్రకారం కాగిన నూనెలో ఖీమా వేస్తే, వేడి తగిలిన మరుక్షణం మాంసంలోని ప్రొటీన్ బిగుసుకుని, పక్కపక్కనున్న తునకలు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. ఆ తరువాత గరిటెతో ఎంత పొడిచినా అవి సగమే విడిపోతాయి. ఇక్కడి పద్ధతిలో పచ్చి ఖీమాను చన్నీళ్లలోనే వేసి, పొయ్యి వెలిగించకముందే చేత్తోనో పప్పు గుత్తితోనో బాగా చిదిపి, నీరంతా పలచని గంజిలా అయిన తరువాత గిన్నెను సన్నని సెగ మీదికి ఎక్కిస్తారు. ప్రతి తునక చుట్టూ నీరు ఉన్నందున అవి విడివిడిగానే ఉడుకుతాయి. మొదటి పది నిమిషాలు కలుపుతూనే ఉండాలి. చూడటానికి ఆ దశలో అది ఏమాత్రం ఆకర్షణీయంగా ఉండదు, బూడిద రంగు నీళ్లలో మాంసపు నలక తేలుతున్నట్లు కనిపిస్తుంది. అది చూసి బెదిరిపోయి నూనె డబ్బా అందుకోవద్దని పాఠకులకు నా మనవి. మాంసం కొట్టులో ఖీమాను రెండుసార్లు మెషీన్‌లో వేయించుకుని తెచ్చుకుంటే పని మరింత సులువవుతుంది.

ఇక కారం సంగతి. మీ విధానంలోని రెండు పెద్ద చెంచాలు బహుశా ఏదో అమెరికన్ వంటకం నుంచి యథాతథంగా వచ్చి ఉంటాయని నా అనుమానం. ఇక్కడి అంగళ్లలో చిల్లీ పౌడర్ పేరుతో అమ్మేది ఉత్త కారం కాదు. ఘాటు తక్కువగా ఉండే ఎండుమిరప పొడిలో జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి పొడి, కొన్నిటిలో ఉప్పు కూడా కలిపిన మసాలా. టెక్సాస్‌లో స్థిరపడిన జర్మన్ వలసదారు విలియం గెబార్ట్ 1890లలో ఇటువంటి పొడిని తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. దాన్ని రెండు పెద్ద చెంచాలు వేసినా నోరు మండదు. అదే కొలతలో గుంటూరు కారం వేస్తే మాంసం రుచి, పైన వేసే ఆవముద్ద రుచి రెండూ తెలియకుండా పోతాయి. కనుక మన వంటింట్లో రంగు కోసం బ్యాడిగి కారమో కాశ్మీరీ కారమో రెండు చిన్న చెంచాలు, ఘాటు కోసం గుంటూరు కారం అర చిన్న చెంచా, జీలకర్ర పొడి ఒకటిన్నర చిన్న చెంచా, ఒరెగానో అర చిన్న చెంచా కలుపుకుంటే సరిపోతుంది. పిజ్జాతో పాటు ఇచ్చే ఒరెగానో పొట్లాలు ఇంట్లో పోగుపడి ఉంటే అవీ పనికివస్తాయి, కాకపోతే వాటిలో ఉప్పు కలిసి ఉంటుందని గుర్తుంచుకోవాలి.

పూర్తి కొలతలు ఇవి. అర కిలో ఖీమాకు రెండు కప్పులు, అంటే సుమారు అర లీటరు చన్నీళ్లు పోసి, పైన చెప్పినట్లు చిదిపి సెగ మీద పెట్టాలి. ఉడుకు పట్టాక తురిమిన చిన్న ఉల్లిపాయ ఒకటి, నూరిన వెల్లుల్లి రెబ్బలు మూడు, పై మసాలా పొడులు, మూడు పెద్ద చెంచాల టమాటా ప్యూరీ, ఒక పెద్ద చెంచా వెనిగర్, చిటికెడు పంచదార, ముప్పావు చిన్న చెంచా ఉప్పు వేసి, మూత సగం తెరిచి ఉంచి నలభై అయిదు నిమిషాల నుంచి గంట వరకు సన్నని సెగ మీద మగ్గనివ్వాలి. సాసేజ్‌లోనూ ఆవముద్దలోనూ ఉప్పు ముందే ఉంటుంది కనుక ఇక్కడ పొదుపు అవసరం. గిన్నె అడుగున గరిటెతో గీత గీస్తే అది ఒక్క క్షణం నిలిచి మూసుకోవాలి. అదే సరైన చిక్కదనం. అప్పటికీ పలచగా ఉంటే ఉప్పు బిస్కెట్లు నాలుగు నలిపి కలపవచ్చు. పుల్లదనం కోసం చింతపండు వాడుదామన్న ఆలోచన మనవారికి సహజంగానే వస్తుంది, నాకు మాత్రం వెనిగరే నచ్చుతుంది. చింతపండు వేస్తే రుచి పులుసు వైపు వెళ్లిపోతుంది. కరివేపాకు, కొత్తిమీర, అల్లం అసలే వద్దు. ఈ కొలతతో పది పన్నెండు హాట్‌డాగ్‌లకు సరిపడా చిల్లీ వస్తుంది.

మిషిగన్ దుకాణాల్లో ఇది బీఫ్‌తోనే చేస్తారు. బీఫ్ తినని తెలుగువారు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇక్కడా లక్షల్లో ఉన్నారు కనుక మటన్, చికెన్ ఖీమాల గురించి కూడా చెప్పాలి. మటన్ ఖీమా చక్కగా కుదురుతుంది గాని, ఉడకడానికి మరో పావుగంట పడుతుంది. దాని కొవ్వు త్వరగా గడ్డకట్టి అంగిలికి అంటుకుంటుంది కాబట్టి పొగలు కక్కుతుండగానే వడ్డించాలి. లేదా ముందురోజే వండి ఫ్రిజ్‌లో ఉంచి, పైన తెల్లగా పేరుకున్న కొవ్వును తీసివేసి మళ్లీ వేడి చేయవచ్చు. ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో బీఫ్ చిల్లీకి ఈ పద్ధతినే పాటిస్తారు. చికెన్ ఖీమాలో కొవ్వు తక్కువ, అది పొడిబారకుండా రెండు పెద్ద చెంచాల వెన్న వేయాలి. అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై నాలుగున మా పెరళ్లలో జరిగే విందుల్లో చికెన్ చిల్లీ గిన్నె ఒకటి తప్పకుండా ఉంటుంది, మొదట ఖాళీ అయ్యేదీ అదే.

గరం మసాలా వాసన లేకపోతే మాంసం వండినట్లే కాదని భావించే పాఠకులకు సిన్సినాటి మరో దారి చూపుతుంది. అక్కడ 1922లో కిరాజియెఫ్ సోదరులు ఎంప్రెస్ పేరుతో తెరిచిన దుకాణంతో మొదలైన చిల్లీలో దాల్చినచెక్క, లవంగం, ఆల్‌స్పైస్ అనే మసాలా కాయ పడతాయి. దాన్ని స్పగెటీ మీద, చిన్న హాట్‌డాగ్‌ల మీద వేసి, పైన చీజ్ తురుము చల్లుతారు. కనుక పై కొలతకు పావు చిన్న చెంచా దాల్చినచెక్క పొడి, చిటికెడు లవంగం పొడి కలుపుకుంటే పరాయి రుచేమీ కాదు. అంతకు మించితే మాత్రం మళ్లీ కూర దగ్గరికే చేరుకుంటాం.

కూర్చే విధానం గురించి మీ పేజీలో ఏమీ లేదు. డెట్రాయిట్‌లో బన్నును కాల్చరు, ఆవిరి మీద మెత్తబరుస్తారు; ఇంట్లో ఇడ్లీ పాత్ర అందుకు చక్కగా పనికివస్తుంది, ఒక్క నిమిషం చాలు. వేడి చేసిన సాసేజ్, దాని మీద మూడు పెద్ద చెంచాల చిల్లీ, ఆపైన పసుపు రంగు ఆవముద్ద ఒక గీత, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, అంతే. సాసేజ్ పైతొడుగు గొర్రె పేగుతోనో పంది పేగుతోనో చేసి ఉండవచ్చు కనుక పట్టింపు ఉన్నవారు పొట్లం మీది వివరాలు చదివి కొనడం మంచిది. నాలుగేళ్లలోపు పిల్లలకు సాసేజ్‌ను గుండ్రటి ముక్కలుగా కోసి ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. నిలువుగా చీల్చి చిన్నచిన్న తునకలు చేసి పెట్టాలి.

మిగిలిన చిల్లీని రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వాడుకోవాలి. వేడి చేసేటప్పుడు పైపైన కాకుండా, బుడగలు వచ్చేదాకా కాచాలి. చిన్న డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో ఉంచితే రెండు మూడు నెలలు రుచి చెడకుండా ఉంటుంది.

విదేశీ వంటకాలు ప్రచురించినప్పుడు చెంచా అంటే పెద్దదా చిన్నదా, కారం అంటే ఏ రకమో కూడా అచ్చువేయవలసిందిగా మీ వంటల విభాగం వారిని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ట్రాయ్, మిషిగన్